సరుకుల చీటీలో ఒక వింత పుస్తకం

ఆడవాళ్ళు ఏం చదవాలో చెప్పడానికి మన దేశంలో ఎవరికీ అర్హతలక్కర్లేదు. పొయ్యి వెలిగించడం రానివాడు వంటల పుస్తకం చదవమంటాడు. ఇంట్లో భార్యతో నాలుగు మాటలు మాట్లాడని పెద్దమనిషి సంసారపక్షమైన నవల చదవమంటాడు. పక్కింటావిడ వ్రతకథలు మంచివంటుంది. కాస్త చదువుకున్నాయన వ్యక్తిత్వ వికాసం చదివితే జీవితం బాగుపడుతుందంటాడు. ఇన్ని సలహాలిచ్చేవాళ్ళలో ఒక్కరైనా, "అమ్మా, ఈ నెల ఒక మంచి సైన్సు ఫిక్షన్ నవల వచ్చింది, చదివి చూడు. వచ్చే నెల ఇంకోటి చెబుతాను" అన్న పాపాన పోయారా? పోలేదు. పైగా మనమే నోరు తెరిచి అడిగితే, కథలో ఒంటికన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూస్తారు.

ఆ చూపు మీదే నా తగాదా.

ముందుగా ఒక మాట. సైన్సు ఫిక్షన్‌కు వైజ్ఞానిక కల్పన అని పండితులు పేరు పెట్టారు. మాంత్రికులూ, మాయలూ ఉంటే అద్భుత కథ అన్నారు. ఈ రెండిటికీ గోడ ఎక్కడ కట్టాలో వాళ్ళు తేల్చుకునేలోగా మన జుట్టు నెరుస్తుంది. అందుకని నేను రెండిటినీ కలిపి వింత కథలంటాను. "ఉన్న లోకం ఇలా కాకుండా ఇంకోలా ఉంటే?" అని అడిగే కథ ఏదైనా సరే, నా లెక్కలో వింత కథే.

వీటి మీద మొట్టమొదటి అభ్యంతరం: "అవన్నీ అబద్ధాలు గదా!"

ఈ మాట వినగానే నాకు నవ్వొస్తుంది. మా వేంపల్లెకు దగ్గర్లోనే గండి క్షేత్రం ఉంది. పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోట వీరాంజనేయస్వామి గుడి. ఆ రెండు కొండల నడుమ ఆకాశంలో బంగారు తోరణం ఒకటి కట్టి ఉందనీ, అది అందరికీ కనపడదనీ, కనపడినవాళ్ళు ఆట్టే కాలం బతకరనీ మా జేజి చెప్పేది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో దొరకు అది కనపడిందట. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం కథ, మన్రో చావు చరిత్ర. మా జేజి రెండిటినీ ఒకే గుక్కలో చెప్పి, ఏది ఎక్కడ అతికిందో తెలియకుండా చేసి, మమ్మల్ని నిద్రపుచ్చేది. ప్రపంచంలో పేరుమోసిన అద్భుత కథకులందరూ చేసే పని సరిగ్గా ఇదే!

ఇక రేపటి మాటకొస్తే, బ్రహ్మంగారి మఠం మా జిల్లాలోనే ఉంది. కొత్త రోగమొచ్చినా, కొత్త యంత్రమొచ్చినా, కోడలు అత్తకు ఎదురు చెప్పినా, "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడు" అనేవాళ్ళు మా వీధిలో ఇంటికొకరున్నారు. రాబోయే కాలం గురించి ఇంతగా ముచ్చటించుకునే జనానికి రాబోయే కాలం నవలలు సరిపడవని ఎవరు చెప్పారు?

ఇవి పల్లెటూరి కబుర్లనుకుంటే, పండితుల దగ్గరికే వెళదాం. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాసి నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. నంద్యాల మాకేమంత దూరం కాదు. అందులో బ్రహ్మదేవుడు సరస్వతికి ఒక కథ చెబుతాడు. తమాషా ఏమిటంటే, ఆ కథ ఇంకా జరగలేదు, జరగబోతుంది! భార్య మగవాడై, భర్త ఆడదై, ఆ దంపతులకు కళాపూర్ణుడు పుడతాడు. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్, ఆడా మగా అన్న స్థిరమైన భేదం లేని మనుషుల లోకాన్ని ఊహించి 1969లో నవల రాస్తే మేధావులందరూ ముక్కున వేలేసుకున్నారు. మంచిదే, వేసుకోదగ్గ నవలే. కానీ ఆ వేలు నాలుగు వందల ఏళ్ళ కిందట మన సూరన దగ్గరే వేసుకుని ఉండాల్సింది. వెల్చేరు నారాయణరావూ, డేవిడ్ షూల్మనూ ‘కళాపూర్ణోదయా’న్ని ఇంగ్లీషులోకి మార్చి 2002లో అచ్చువేయించారు. పరాయి దేశం వాళ్ళు చదివి ఆశ్చర్యపోతున్నారు. మనం మాత్రం దాన్ని పరీక్ష ప్రశ్నగా మార్చి, అయిదు మార్కులిచ్చి వదిలేశాం.

అబద్ధాల మాట ఎత్తారు కనుక ఇంకొకటి అడుగుతాను. సాయంత్రం ఆరు గంటల నుంచి రాత్రి పదింటి దాకా టీవీలో వచ్చేవన్నీ నిజాలేనా? పట్టుచీర కట్టుకుని, కిలో నగలు పెట్టుకుని, నిద్రలేచి అలాగే వంటింట్లోకి వెళ్ళి, పాయసంలో విషం కలిపే తోడికోడలు మీ ఇంట్లో ఉందా? చచ్చిపోయిన మొగుడు మూడు వందల ఎపిసోడ్ల తర్వాత మొహం మార్చుకుని రావడం మీ వీధిలో ఎప్పుడన్నా జరిగిందా? దీన్ని చూస్తే కాలక్షేపం, చంద్రుడి మీద ఊరు కట్టుకున్న కథ చదివితే కాలహరణమా? వింత కథ కనీసం "నేను కల్పనను" అని మొహం మీద రాసుకుని వస్తుంది. సీరియల్ అబద్ధం మన ఇంటి కథలా నటిస్తూ వచ్చి మన పక్కనే కూర్చుంటుంది.

రెండో అభ్యంతరం: "అవి మగపిల్లకాయలు చదివేవి."

మొన్నామధ్య ఒక పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి ఈ మాటే అన్నాడు. "యంత్రాలూ, రాకెట్లూ ఆడోళ్ళకెందుకమ్మా! సంసారానికి పనికొచ్చేటివి చదవండి" అన్నాడు. "అన్నా, మిక్సీ యంత్రం కాదా? కుక్కరు యంత్రం కాదా? మీ ఇంట్లో ఉన్న యంత్రాల్లో సగం నడిపేది వదినే గదా?" అన్నాను. ఆయన వడ్డించేవాణ్ణి పిలిచి సాంబారు పోయమన్నాడు.

ఆయనకు ఆకు ముందు కూర్చోబెట్టి చెప్పలేకపోయిన సంగతులు మీకు చెబుతాను.

సైన్సు ఫిక్షన్‌కు మూలపుటమ్మ అని చాలామంది ఒప్పుకునే నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’. రాసిన మేరీ షెల్లీ దాన్ని మొదలుపెట్టేనాటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల. 1818లో అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆమె పేరైనా లేదు.

1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ ఇంగ్లీషులో రాసింది. అందులో ఆడవాళ్ళు రాజ్యం చేస్తారు, మగవాళ్ళు ఘోషాలో ఉంటారు. వంటకు సూర్యుడి వేడి, ప్రయాణానికి గాలిలో తేలే బండి. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది మరొకటి. ఆ రాజ్యంలో ఆడవాళ్ళ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆకాశంలోకి పెద్ద బుడగ ఎగరేసి, దానికి గొట్టాలు తగిలించి, మబ్బుల్లోంచి నేరుగా నీళ్ళు తీసుకుంటారు. వానకోసం దేవుడివైపు చూసే అవసరమే లేదు. రాయలసీమలో పుట్టి, బోరుబావి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ఏ ఆడదానికైనా ఈ ఊహ చదివితే కళ్ళు చెమర్చవా? 2003 తర్వాత కొన్నేళ్ళు మన ప్రభుత్వం మేఘమథనమని విమానాలు పంపించింది. మేమందరం మెడలు నొప్పెట్టేలా పైకి చూశాం. అప్పటికి ఒక ఆడమనిషి ఆ ఊహ చేసి దాదాపు నూరేళ్ళయిందని మాలో ఎవరికి తెలుసు?

అసలు విశేషం ఇంకా ఉంది. ఆ కథ అచ్చయింది ఎక్కడనుకున్నారు? మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’లో. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన తెలుగు ఆడపడుచు! అంటే, ఈ దేశపు తొలి సైన్సు ఫిక్షన్ కథల్లో ఒక గొప్ప కథను ఆడది రాస్తే, ఆడది అచ్చువేస్తే, ఆడవాళ్ళు చదివారు. ఇప్పుడు నూట ఇరవై ఏళ్ళ తర్వాత పెళ్ళి పందిట్లో మనకు చెబుతున్నారు, అది మగపిల్లకాయల సరుకని!

ఇంకా వినండి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 1974లో మరాఠీ కథల పోటీకి ఒక సైన్సు ఫిక్షన్ కథ పంపాడు. పేరు చూసి బహుమతి ఇచ్చారనకుండా మారుపేరు పెట్టుకున్నాడు. చేతిరాత గుర్తుపడతారేమోనని కథంతా భార్య చేత రాయించాడు. మొదటి బహుమతి వచ్చింది. తమిళంలో సైన్సు ఫిక్షన్‌ను వారపత్రికల్లో ఇంటింటికీ తెచ్చిన రంగరాజన్ ఏ పేరుతో రాశాడు? ‘సుజాత’. అది ఆయన భార్య పేరు. చేతిరాత మనది, పేరు మనది, చదివే హక్కు మాత్రం మనది కాదా?

అమెరికాలో దీనికి తిరగేసిన తమాషా జరిగింది. ఆలిస్ షెల్డన్ అనే ఆవిడ జేమ్స్ టిప్‌ట్రీ అన్న మగపేరుతో వింత కథలు రాసింది. ఈ కథలు మగవాడే రాయగలడని అక్కడి పండితులు సిద్ధాంతాలు చేశారు. 1977లో గుట్టు బయటపడేసరికి సిద్ధాంతాలన్నీ నేలమీద పడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన తెలుగు వారపత్రికల్లో రచయిత్రుల నవలలు వేడి బజ్జీల్లా అమ్ముడుపోతుంటే, కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. అంటే మన పాఠకురాలి బలం ఆనాడు ఏ మాత్రమో ఊహించండి. ఆవిడ ఏది చదివితే అది అచ్చయింది. ఆ బలాన్ని మనం ప్రేమ నవలకూ, కుటుంబ నవలకూ ఇచ్చాం, సంతోషం. వింత కథకూ కాస్త ఇచ్చి ఉంటే ఈపాటికి మన భాషలో ఎంత పంట పండేది!

ఇక 2016, 2017, 2018 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు హ్యూగో బహుమతి ఉత్తమ నవలకు గెలిచిన మనిషి ఎన్. కె. జెమిసిన్ అనే నల్లజాతి అమెరికన్ మహిళ. అలా వరసగా మూడేళ్ళు అంతకు ముందు ఎవరూ గెలవలేదు, ఏ మగమహారాజూ గెలవలేదు. ఈ సంగతి మా పెద్దమనిషికి తెలిసుంటే సాంబారుతో సరిపెట్టేవాడు కాడు, రసం కూడా పిలిచేవాడు.

మూడో అభ్యంతరం: "అది తెల్లవాళ్ళ సరుకు. మన వాతావరణానికి సరిపడదు."

కందుకూరి వీరేశలింగం గారు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రాశారు. స్విఫ్ట్ రాసిన గలివరు యాత్రల ఒరవడి పట్టుకున్నా, సరుకు మాత్రం మనది. అందులో సత్యరాజు ఆడమళయాళమనే దేశం చేరతాడు. అక్కడ పెత్తనం ఆడవాళ్ళది, అణకువ మగవాళ్ళది. ఇక్కడ ఆడదానికి చెప్పే ధర్మాలన్నీ అక్కడ మగవాడికి చెబుతారు. చదివే మగవాడికి చెంప ఛెళ్ళుమంటుంది. నూరు ఉపన్యాసాలు చేయలేని పని ఒక తలకిందుల దేశం చేసింది. విశ్వనాథ సత్యనారాయణ గారు సంప్రదాయానికి పెట్టింది పేరు గదా! ఆయన ‘హాహాహూహూ’లో గుర్రం తల ఉన్న గంధర్వుణ్ణి తీసుకెళ్ళి లండను నగరం నడిబొడ్డున పడేశారు. సంస్కర్తకూ సంప్రదాయవాదికీ ఇద్దరికీ పనికొచ్చిన కథ మనకు సరిపడదట!

కొడవటిగంటి కుటుంబరావు గారు హేతువాది, దయ్యాన్నీ దేవుణ్ణీ నమ్మని మనిషి. అటువంటాయన 1952 నుంచి 1980లో పోయేదాకా ‘చందమామ’ బాధ్యత మోశారు. ఆ చందమామలోనే దాసరి సుబ్రహ్మణ్యం గారు తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి సీరియల్స్ రాశారు. రాక్షసుణ్ణి నమ్మకపోయినా రాక్షసుడి కథను గౌరవించవచ్చునని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియంది మన విమర్శకులకే.

మా ఊరి సంగతే చూడండి. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఒక రాతిపొరకు ‘వేంపల్లె’ అనే పేరు. దాని వయసు రెండు వందల కోట్ల సంవత్సరాలకు దగ్గరట. ఆ రాళ్ళలో కేబేజీని అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. అవి కంటికానని జీవులు పొర మీద పొరగా కట్టుకున్న దిబ్బలు. అటువంటి జీవులు వదిలిన ఆక్సిజనే ఈ భూమికి ఊపిరి పోసింది. ఆ పొరలోనే యురేనియం ఉంది. తుమ్మలపల్లెలో గని తవ్వి తీస్తున్నారు. చుట్టుపక్కల రైతులు తమ బోరునీళ్ళ గురించి బెంగపడుతున్నారు, ఫిర్యాదులు చేస్తున్నారు. ఇటు ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. చీనీతోట పక్కన కంప్యూటరు చదువు, వేరుశనగ చేను కింద అణుధాతువు, కాళ్ళకింద భూమి బాల్యం. సైన్సు ఫిక్షన్ మాకు సరిపడకపోవడమేమిటి, మేము కాపురముంటున్నదే దాంట్లో! లేనిదల్లా దాన్ని రాసేవాడూ, రాస్తే వచ్చిందని మాకు చెప్పేవాడూ.

ఇప్పుడు అసలు అభ్యంతరానికొస్తాను. దాన్ని ఎవరూ పైకి అనరు. "ఇట్లాంటివి చదివితే ఆడపిల్ల చెడిపోతుంది."

మా తోడికోడలి కూతురు పదో తరగతి. దానికి నేను సత్యరాజు కథా, రొకేయా కథా నోటితో చెప్పాను. రెండు రోజులాగి అది నీళ్ళ బిందె దించుతూ, "పెద్దమ్మా, మన ఊర్లో కూడా మొగోళ్ళే నీళ్ళు మోసి, ఆడోళ్ళు రచ్చబండ మీద కూచుంటే ఎట్లుంటాది?" అంది. వాళ్ళమ్మ వెంటనే నా వైపు తిరిగి, "చూస్తివా అక్కా, దీని మాటలు! ఇంటరు కాంగానే పెండ్లి జేయల్లనుకుంటాంటే, ఇది యాడికి పోతాందో చూడు" అంది. నేనేమీ అనలేదు. ఆ పిల్ల మాత్రం బిందె పక్కన పెట్టి, "అయితే ఇంటరు కాంగానే చేయకుంటే ఎట్లుంటాది?" అని రెండో ప్రశ్న వేసింది.

చూశారా, భయమంతా అక్కడుంది. వింత కథ పిల్లకు రాకెట్టు నడపడం నేర్పదు. "ఇలా కాకుండా ఇంకోలా ఉంటే?" అన్న ఒక్క ప్రశ్న నేర్పుతుంది. నీతికథ ఉన్నదానికి సర్దుకుపొమ్మంటుంది. ఏడుపు నవల ఉన్నదాన్ని తలుచుకుని ఏడవమంటుంది. ఉన్నది రాతిమీద గీత కాదని చెప్పేది వింత కథ. మన ఇళ్ళల్లో ఆడపిల్ల నోటివెంట రాకూడదని తరతరాలుగా కాపలా కాస్తున్న ప్రశ్న అదే. అది పిల్లను చెడగొట్టడమైతే, అలా చెడిపోయిన పిల్లలు ఊరికి పదిమంది కావాలి.

ఒకటి ఒప్పుకోవాలి. వింత కథ అని పేరు పెట్టుకున్నదల్లా మంచిది కాదు. చేతబడినీ, క్షుద్రపూజనీ నిజమని నమ్మబలికి భయంతో సొమ్ము చేసుకునే పుస్తకాలున్నాయి. వాటికి నేను వకాల్తా పుచ్చుకోను. తేడా ఎలా కనిపెట్టాలంటారా? చదివి మూసిన తర్వాత మీకు తాయెత్తు కట్టించుకోవాలనిపిస్తే అది చెడ్డది. ప్రశ్న అడగాలనిపిస్తే అది మంచిది. మంచి వింత కథలు పది చదివిన మనిషి, వీధిలోకొచ్చిన దొంగస్వామిని ఎవరికన్నా ముందే పట్టేస్తుంది. కథ ఎలా అల్లుతారో ఆవిడకు తెలుసు గదా!

"సరే తల్లీ, ఒప్పుకున్నాం. ఎక్కడ దొరుకుతాయి?" అంటారు. న్యాయమైన ప్రశ్న. ఇక్కడే నా కోపం పుస్తకాలు అచ్చువేసేవారి మీదకూ, పుస్తక సమీక్షలు రాసేవారి మీదకూ మళ్ళుతుంది.

ఇంగ్లీషులో ప్రతి నెలా ఏ ఏ వింత పుస్తకాలు వస్తున్నాయో ముందుగానే పట్టికలు వేసి చెబుతారు. చైనాలో చెంగ్డూ నగరం నుంచి ఒక సైన్సు ఫిక్షన్ పత్రిక 1979లో పుట్టింది. లియు సిషిన్ అనే ఇంజనీరు రాసిన ‘త్రీ బాడీ ప్రాబ్లం’ 2006లో ఆ పత్రికలోనే సీరియల్‌గా వచ్చి, తర్వాత ఇంగ్లీషులోకి వెళ్ళి, 2015లో హ్యూగో బహుమతి తెచ్చుకుంది. బెంగాలీలో ‘ఆశ్చర్య’ అనే సైన్సు ఫిక్షన్ పత్రిక 1963లోనే వచ్చింది. గొప్ప నవల ఆకాశం నుంచి ఊడిపడదు. నెలనెలా ఎదురుచూసే పాఠకులుంటే, వాళ్ళ కోసం పత్రిక ఉంటే, అందులో పుడుతుంది.

మనకు? 1947 జూలైలో పుట్టిన ‘చందమామ’ నెలనెలా వింతలు మోసుకొచ్చింది. పిల్లల పేరు చెప్పి తల్లులూ, తల్లుల చాటున తండ్రులూ చదివారు. 2013 నాటికి అది ఆగిపోయింది. ఊళ్ళల్లో అద్దె పుస్తకాల షాపులు మూతపడ్డాయి. యండమూరి ‘చీకట్లో సూర్యుడు’, మైనంపాటి భాస్కర్ ‘బుద్ధిజీవి’ వంటివి ఆ రోజుల్లో షాపు నుంచి ఇంటికీ, ఇంటి నుంచి ఇంకో ఇంటికీ నడిచి వెళ్ళేవి. అమెరికాలో ఉంటూ వేమూరి వేంకటేశ్వరరావు గారు తెలుగులో సైన్సు ఫిక్షన్ కథలు రాశారు. అవి ఉన్నాయని వేంపల్లెలో ఉన్న నాకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? సమీక్షల పేజీలో ఎన్నడైనా కనిపిస్తాయా? అక్కడ కవిత్వం మీద కవి, కవి మీద ఇంకో కవి! పుస్తకాల దుకాణంలో అడిగితే వాస్తు, రాశిఫలాలు, ముప్పై రోజుల్లో కోటీశ్వరులు కావడమెలా! ముప్పై రోజుల్లో కోటీశ్వరుడు కావడం కన్నా పెద్ద అద్భుత కథ సుబ్రహ్మణ్యం గారు కూడా రాయలేదు. దాన్ని వాస్తవమని అమ్ముతున్నారు, అదీ దారుణం.

తిట్టి ఊరుకుంటే అది తగాదా అవుతుంది గాని కాపురం కాదు. కాబట్టి చేయాల్సిన పని కూడా చెబుతాను.

ఒకటి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. రసీదు తీసి చూసుకోండి. అంటే ఊరి లైబ్రరీ మనకు దానం కాదు, మన సొమ్ము. అక్కడికి వెళ్ళి, పేపరు చదివే మగవాళ్ళ మధ్య నుంచి నడిచి, లైబ్రేరియన్ ముందు నిలబడి, "ఫలానా పుస్తకం తెప్పించండి" అని కాగితం మీద రాసివ్వండి. ఒకరు రాస్తే చెత్తబుట్టలోకి పోవచ్చు. పదిమంది నెలనెలా రాస్తే బీరువాలోకి వస్తుంది.

రెండు. మహిళా సంఘాలు పెట్టుకుని పొదుపు చేయడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పదిమంది కలిసి నెలకొక వింత పుస్తకం కొనండి. ఒక్కొక్కరికి పడేది సినిమాలో పాప్‌కార్న్ ఖర్చంత కూడా ఉండదు. ఏడాదికి పన్నెండు పుస్తకాలు, పది ఇళ్ళు, వంద సాయంకాలాలు. సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ పుస్తకాలుగా వచ్చాయి, వాటితో మొదలుపెట్టండి.

మూడు. ఇంగ్లీషు చదువులు చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే, వాళ్ళు చదివిన వింత నవలను రాత్రి అన్నాలయ్యాక తెలుగులో చెప్పమనండి. జేజి మనకు చెప్పింది, మనవరాలు జేజికి చెప్పనీ. కథ ఎటువైపు నడిచినా కథే. పైగా ఆ పిల్లకు తన చదువును తన భాషలో చెప్పడం అలవాటవుతుంది. అలా చెప్పే పిల్లల్లో నుంచే రేపు రాసే పిల్ల వస్తుంది.

నాలుగు. ఈ మాట సంపాదకులకు. అయ్యా, మీ పత్రికలో ముగ్గుల పేజీ ఉంది, వంటల పేజీ ఉంది, వారఫలాలున్నాయి. నెలకొక్కసారి అర పేజీ ఇవ్వండి. "ఈ నెల వింత పుస్తకం" అని పేరు పెట్టండి. తెలుగులో వచ్చిందైతే ధర, దొరికే చోటు రాయండి. ఇతర భాషలోదైతే కథ నాలుగు ముక్కల్లో చెప్పి, అనువాదం చేసేవాళ్ళున్నారా అని అడగండి. 1905లో కమలా సత్యనాథన్ గారు చేసిన పని ఇప్పుడు చేయడానికి మీకు అడ్డమేమిటి? మీరు ఇవ్వకపోతే మాకు ఇంకోటి తెలుసు. ఒకప్పుడు మా ఉత్తరాలకు భయపడి సీరియల్ ముగింపులు మార్చుకున్న పత్రికలున్నాయని మా పెద్దవాళ్ళు చెప్పేవారు!

చివరిగా మీతో, నా తోటి పాఠకురాళ్ళతో. ఒకటో తారీఖున సరుకుల చీటీ రాస్తారు గదా. కందిపప్పు, చింతపండు, వేరుశనగ నూనె, సబ్బులు, అగరొత్తులు. ఇంట్లో అందరికీ ఏమేం కావాలో అందులో ఉంటుంది. మీకోసం ఉన్నదేమిటో ఒకసారి వేలు పెట్టి చూపించండి. ఏమీ కనిపించదు. అందుకని చిట్టచివర ఇంకొక్క గీత చేర్చండి: "వింత పుస్తకం – ఒకటి." ఇంట్లో ఎవరైనా "ఇదెందుకు?" అని అడిగితే, ఉప్పెందుకని ఎవరూ అడగలేదే అని చెప్పండి.